డిసెంబరు పార్సిల్ అక్టోబరులోనే కట్టాలి

ఏటా శీతాకాలం ముందు అమెరికా పోస్టల్ సర్వీసు ఒక పట్టిక వేస్తుంది. విదేశాల్లోని సైనిక చిరునామాలకి క్రిస్మస్‌లోపు అందాలంటే ఏ రకం పార్సిల్ ఏ తేదీలోపు కౌంటర్ దాటాలో అందులో ఉంటుంది. ఈమధ్య ఏళ్ళలో గ్రౌండ్ అనే నెమ్మది రకానికి నవంబరు మొదటి వారం, వేగంగా పోయే ప్రయారిటీ మెయిల్‌కి డిసెంబరు 9 చుట్టుపక్కల అని చెబుతున్నారు. అమెరికా నేవీలో పిల్లలున్న మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఆ రెండో తేదీ. అది చూసి "ఇంకా బోలెడు టైముంది" అనుకుని నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక కొనుగోళ్ళు మొదలుపెడతారు. జర్మనీలోనో జపాన్‌లోనో నేల మీద స్థావరంలో ఉన్నవాళ్ళకి ఆ తేదీ పనికొస్తుంది. సముద్రంలో తిరిగే ఓడకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. నావికుడికి పంపే పెట్టెలో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎప్పుడు పంపాలి అన్న మూడింటినీ నిర్ణయించేది మన ఊరి పోస్టాఫీసు కాదు. రేవు నుంచి ఓడ దాకా ఉండే ఆఖరి అంగ.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం. కౌంటర్‌లో ఇచ్చిన పెట్టె ముందు షికాగోలోని అంతర్జాతీయ మెయిల్ కేంద్రానికి చేరుతుంది. సైనిక మెయిల్ పోగయ్యేది అక్కడే. ఓడ జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) చూసి వేరు చేసి, ఆ ఓడకి అప్పట్లో దగ్గరగా ఉన్న నేవీ మెయిల్ కేంద్రానికి విమానంలో పంపిస్తారు. గల్ఫ్, అరేబియా సముద్రం వైపైతే బహ్రెయిన్, మధ్యధరా వైపైతే ఇటలీలోని సిగొనెల్లా, పశ్చిమ పసిఫిక్ అయితే జపాన్‌లోని యొకొసుకా. ఇంతవరకు పని సాఫీగానే సాగుతుంది. ఆ తర్వాతే అసలు సంగతి. విమానవాహక నౌకైతే డెక్ మీద దిగగలిగిన సరుకు విమానం కావాలి. దశాబ్దాలుగా ఆ పని చేసింది సి-2ఏ గ్రేహౌండ్. దాని స్థానంలో సీఎంవీ-22బి ఆస్ప్రే వస్తోంది. డిస్ట్రాయర్ లాంటి చిన్న యుద్ధనౌక మీద ఆ విమానం దిగలేదు. ఇంధనం, తిండి సామాను తెచ్చే సరఫరా ఓడ పక్కపక్కనే నడిచే రోజున తీగల మీదుగానో, హెలికాప్టర్ కింద వలలో వేలాడుతూనో మెయిల్ సంచులు వస్తాయి. ఆ రోజు ఎప్పుడన్నది ఓడ పనిని బట్టి ఉంటుంది. క్రిస్మస్‌ని బట్టి ఉండదు.

పైగా ఆ విమానంలో మన పెట్టెకి సీటు రిజర్వు చేసి ఉండదు. ఎగరలేక కూర్చున్న యుద్ధవిమానానికి కావాల్సిన విడిభాగం ముందు ఎక్కుతుంది. తర్వాత మనుషులు, మందులు. మిగిలిన చోటులో మెయిల్. చోటు లేకపోతే గిడ్డంగిలో ఆగుతుంది. కొన్నిసార్లు విమానాలే ఉండవు. 2023 నవంబరు 29న జపాన్‌లోని యకుషిమా దీవి దగ్గర వైమానిక దళం ఆస్ప్రే ఒకటి కూలి 8 మంది చనిపోయారు. డిసెంబరు 6న అమెరికా సైన్యం ఆస్ప్రేలన్నిటినీ నేల మీద నిలిపేసింది. 2024 మార్చిలో గానీ అవి మళ్ళీ ఎగరలేదు. పండగ పార్సిళ్ళు కదలాల్సిన నెల సరిగ్గా అందులో పడింది.

ఓడ కూడా చెప్పిన చోట ఉండదు. విమానవాహక నౌక యూఎస్ఎస్ డ్వైట్ డి. ఐసెన్‌హోవర్ 2023 అక్టోబరులో తన సొంత రేవు నార్‌ఫోక్ వదిలి ఎర్రసముద్రం చేరింది. గడువు రెండుసార్లు పెంచడంతో 2024 జూలైలో గానీ ఇల్లు చేరలేదు. ఇంకో విమానవాహక నౌక యూఎస్ఎస్ జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ 2025 జూన్‌లో యూరప్ వైపు బయల్దేరింది. అక్టోబరు చివర్లో వచ్చిన ఆదేశంతో అట్లాంటిక్ దాటి కరేబియన్‌కి మళ్ళింది. ఇలాంటి మలుపు వచ్చినప్పుడు ఓడ జిప్ కోడ్ మారదు, మీరు కొత్త చిరునామా రాయక్కర్లేదు. కానీ అప్పటికే ఒక ఖండం చేరిన సంచి ఇంకో ఖండం వైపు తిరగాలి. మీ ఫోన్‌లో ట్రాకింగ్ మాత్రం షికాగో దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. సైనిక మెయిల్‌లోకి వెళ్ళాక స్కాన్లు అరుదు. మూడు వారాలు కదలకపోతే పార్సిల్ పోయిందని అర్థం కాదు. ఎవరికో ఫోన్ చేసి అరవాల్సిన పనీ లేదు.

అందుకే నా లెక్క: క్రిస్మస్‌కి అందాలనుకున్న ఓడ పార్సిల్ అక్టోబరు నెలాఖరుకి ఇల్లు దాటాలి, మరీ ఆలస్యమైతే నవంబరు మొదటి వారం. దీపావళికైతే సెప్టెంబరు మొదట్లో. ఇది మరీ అతిజాగ్రత్తగా అనిపిస్తే 1944 సంగతి వినండి. ఆ ఏడాది విదేశాల్లోని సైనికులకీ నావికులకీ క్రిస్మస్ పార్సిళ్ళు వేయడానికి ఇచ్చిన గడువు సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు. ఒక్కో పెట్టె బరువు 5 పౌండ్లు దాటకూడదు. ఇప్పుడు విమానాలు వేగంగా పోతాయి, నిజమే. ఓడ దగ్గరి ఆఖరి అంగ మాత్రం పెద్దగా మారలేదు.

ఇక చిరునామా. మొదటి వరసలో నావికుడి పూర్తి పేరు, రెండో వరసలో యూఎస్ఎస్‌తో మొదలయ్యే ఓడ పేరు, దాని హల్ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య), యూనిట్, బాక్స్ నంబర్లు ఇచ్చి ఉంటే అవి. చివరి వరసలో ఊరి పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌పీఓ (ఫ్లీట్ పోస్టాఫీసు, అంటే నేవీ పోస్టాఫీసు), రాష్ట్రం ఉండాల్సిన చోట ఏఈ, ఏపీ, ఏఏ అనే మూడింటిలో ఒకటి, ఆ పక్కన తొమ్మిదంకెల జిప్. యూరప్, పశ్చిమాసియా వైపు ఏఈ, జిప్ 09తో మొదలవుతుంది. పసిఫిక్ వైపు ఏపీ, 96తో మొదలవుతుంది. ఏఏ అమెరికా ఖండాల వైపుది. మన ఏపీ గుర్తొచ్చి నవ్వుకోవచ్చు గానీ పెట్టె మీద మాత్రం అది పసిఫిక్ సైన్యానిదే. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, చెరగని మార్కర్‌తో. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, ఓడ బహ్రెయిన్‌లో ఉందని తెలిసి "బహ్రెయిన్" అని కూడా రాయడం. దేశం పేరు చూడగానే ఆ పార్సిల్ విదేశీ పోస్టులోకి వెళ్ళే ప్రమాదం ఉంది. అప్పుడు అక్కడి కస్టమ్స్ చేతిలో పడుతుంది. దేశం పేరు, రేవు పేరు, "ఫలానా తేదీకి అక్కడ ఉంటారట" లాంటి ముక్క ఒక్కటి కూడా పెట్టె మీద ఉండకూడదు. ఫేస్‌బుక్‌లోనూ పెట్టకూడదు. ఓడ ఎక్కడుందో ఎప్పుడొస్తుందో దాచడం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

చుట్టుపక్కల సందేహాలు త్వరగా తేల్చేస్తాను. ఎఫ్‌పీఓ చిరునామాకి ప్రైవేటు కొరియర్లు చేరవు, పోస్టల్ సర్వీసే దిక్కు. పోస్టేజీ మాత్రం అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపినట్టే పడుతుంది. విజయవాడ నుంచో వరంగల్ నుంచో అమ్మమ్మ ఏదైనా పంపాలనుకుంటే నేరుగా ఓడకి పంపే ప్రయత్నం వద్దు. న్యూజెర్సీలోనో డల్లస్‌లోనో ఉన్న బంధువులకి పంపితే, వాళ్ళు విప్పి, చూసి, మళ్ళీ కట్టి పంపాలి. ఆ "విప్పి చూడటం" ఎందుకు ముఖ్యమో తిండి దగ్గర చెబుతాను. "ఎవరైనా ఒక నావికుడికి" అని పేరు లేకుండా పంపే పద్ధతి 1991 గల్ఫ్ యుద్ధకాలంలో ఉండేది. 2001లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక క్రిములున్న పొడితో ఉత్తరాలు వచ్చాక దాన్ని ఆపేశారు. పేరు లేని పార్సిల్ ఇప్పుడు ఎవరికీ చేరదు.

కస్టమ్స్ ఫారం ఇంకో తలనొప్పి. అమెరికా నుంచి అమెరికా సైన్యానికే కదా అనుకుంటారు, అయినా వస్తువులున్న పెట్టెకి ఫారం తప్పదు. ఇప్పుడా సమాచారం కంప్యూటర్‌లోకి ఎక్కాల్సిందే. 2976-ఆర్ అనే కాగితం నింపి తీసుకెళ్తే కౌంటర్‌లో వాళ్ళు ఎక్కిస్తారు, లేదా ఇంట్లోనే పోస్టల్ సర్వీసు సైట్‌లో నింపి లేబుల్‌తో పాటు అచ్చు తీసుకోవచ్చు. ఇంట్లో చేసుకోవడమే మేలు. డిసెంబరు వరసలో నిలబడి ఒక్కో వస్తువు పేరు, సంఖ్య, బరువు, విలువ చెప్పడం ఇద్దరికీ శిక్ష. "బహుమతులు", "తినుబండారాలు" అని రాస్తే సరిపోదు. "జంతికలు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా అవతలివాళ్ళకి అర్థం కాదు. "వేయించిన బియ్యప్పిండి చిరుతిండి, 2 ప్యాకెట్లు, 1 పౌండు, 8 డాలర్లు" అని వాళ్ళకి తెలిసే ఇంగ్లీషులో రాయండి. పొడులైతే మరీ ముఖ్యం. పేరు లేని ఎర్రపొడి, తెల్లపొడి ఏ మెయిల్ గదిలోనూ మంచి కబురు కాదు. ప్యాకెట్ మీద కూడా లేబుల్ అతికించండి: కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు అని.

పెట్టె ఎంత ఉండాలి? సైనిక చిరునామాల కోసమే పోస్టాఫీసులో ఒక పెద్ద ఫ్లాట్ రేట్ పెట్టె ఉంటుంది. లోపల సుమారు 12 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 5న్నర లోతు. మామూలు పెద్ద పెట్టె కంటే దీనికి కాస్త తక్కువ తీసుకుంటారు, 70 పౌండ్ల దాకా ఒకటే ధర. ఖాళీ పెట్టెలు ఉచితంగా ఇంటికే తెప్పించుకోవచ్చు. ఈ 70 పౌండ్ల మాట వినగానే మనవాళ్ళకి ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తూచే బుద్ధి మేలుకుంటుంది: ఒకటే ధర అయినప్పుడు నింపకపోతే నష్టం కదా! నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. ఓడలో ఒక నావికుడికి సొంతమంటూ ఉండేది మూడంతస్తుల మంచాల్లో ఒక అంతస్తు, ఆ పరుపు కింద ఆరేడు అంగుళాల లోతున్న పెట్టె, నిలువుగా ఒక సన్నటి లాకరు. యూనిఫారాలు, బూట్లు, బట్టలు, సబ్బులు అన్నీ అందులోనే. ఒకే గదిలో పదుల మంది పడుకుంటారు. మీరు 25 పౌండ్ల పెట్టె పంపితే అది పెట్టుకునే చోటు లేదు. తిన్నంత తిని మిగతాది పంచేయాలి, లేకపోతే పారేయాలి. ఆ పెట్టెని మెయిల్ గది నుంచి మోసుకెళ్ళేది కూడా మనిషే, నిటారుగా ఉండే ఇనుప మెట్ల మీద.

కాబట్టి ఒక పెద్ద పెట్టెకి బదులు రెండు చిన్నవి పంపండి, పది పదిహేను రోజుల తేడాతో. మీడియం ఫ్లాట్ రేట్ పెట్టె, లోపల సుమారు 11 అంగుళాలు, 8న్నర, 5న్నర. ఒక మనిషికి అది చాలు. బరువు 8 పౌండ్లు దాటనివ్వకండి. రెండు పంపడంలో ఇంకో లాభం: ఒకటి ఎక్కడో ఆగిపోయినా రెండోది ముందు చేరొచ్చు.

పెట్టె కట్టడం గురించి. అట్ట మూతలు వాటి మడతల దగ్గరే మూసుకోవాలి. ఉబ్బిన పెట్టెని కౌంటర్‌లో తీసుకోకపోవచ్చు. తీసుకున్నా సంచుల అడుగున నలిగి పగిలేది అదే. రెండంగుళాల వెడల్పు పారదర్శక టేపు నడిమి అతుకు మీద రెండు వరసలు, రెండు పక్క అంచుల మీద ఒక్కో వరస. దారం, గోనె తాళ్ళు వద్దు, యంత్రాల్లో చిక్కుకుంటాయి. లోపల అన్నిటికంటే పైన ఒక అట్టముక్క పెట్టి, దాని మీద చేరాల్సిన చిరునామా, పంపినవారి చిరునామా రెండూ రాయండి. పై లేబుల్ చిరిగినా పెట్టె అనాథ కాదు. డెక్ మీద వాన, ఉప్పునీటి తుంపర ఉంటాయి కాబట్టి మొత్తం సామానుని మందమైన జిప్‌లాక్ సంచుల్లో సర్దండి. ఆ సంచులు వాళ్ళకి తర్వాత కూడా పనికొస్తాయి.

ఖాళీలు నింపడానికి థర్మోకోల్ గుళ్ళు, బబుల్ కవరు వాడటం చూస్తుంటాను. దయచేసి మానేయండి. నేవీ ఓడ ప్లాస్టిక్‌ని సముద్రంలో పారేయడానికి వీల్లేదు. దాన్ని వేరు చేసి, యంత్రంలో కరిగించి అదిమి, పెద్ద బిళ్ళలుగా చేసి, రేవు చేరేదాకా ఓడలోనే దాస్తారు. డిసెంబరులో వచ్చిన వేల పెట్టెల గుళ్ళన్నీ ఏరాల్సింది ఎవరో ఇరవై ఏళ్ళ కుర్రాడే. ఖాళీలలో మేజోళ్ళు కుక్కండి. నల్లటి మందపాటి బూటు మేజోళ్ళు ఎన్ని ఉన్నా చాలవు. బిస్కెట్ల అట్ట డబ్బాలు, బొమ్మల ప్లాస్టిక్ కవచాలు మీ ఇంట్లోనే విప్పి చెత్తబుట్టలో వేసి, లోపలి ప్యాకెట్లు మాత్రమే సర్దండి. రంగుకాగితాల మెరుపుపొడి చల్లిన గ్రీటింగ్ కార్డులు అసలే వద్దు.

ఇప్పుడు తిండి. మన ఇళ్ళలో పార్సిల్ అంటే తిండే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ముందు ఒక్క విషయం ఒప్పుకోవాలి: దారిలో మూడు నుంచి ఆరు వారాలు, అందులో కొన్ని రోజులు ఎడారి ఎండలో కాగే గిడ్డంగి. ఈ పరీక్షకి నిలిచేవే పంపాలి. నెయ్యి ఆ వేడికి కరుగుతుంది. సున్నుండలు ముద్దయి, అట్ట నెయ్యి పీల్చుకుని, పక్క పార్సిళ్ళని కూడా పాడుచేస్తుంది. బందరు లడ్డూ, మైసూరుపాకు కూడా అంతే. తాపేశ్వరం కాజా లోపలి పాకం కారుతుంది. ఆత్రేయపురం పూతరేకులు ఎంత భద్రంగా సర్దినా పొడిగా మారి చేరతాయి. ఎండుకొబ్బరి వేసినవన్నీ నూనె వాసన కొడతాయి. బొబ్బట్ల మాట ఎత్తనే వద్దు. అరిసెలు బాగా నూనె ఒత్తేసి, ఆరబెట్టి, గాలి తీసేసి ప్యాక్ చేస్తే మూడు నాలుగు వారాలు ఆశ పెట్టుకోవచ్చు. నిలబడేది పల్లీపట్టీ, నువ్వులపట్టీ. ఒక్కో ముక్కా విడిగా చుట్టి ఉండాలి. లేకపోతే తేమకి బెల్లం చెమ్మగిల్లి అంతా ఒకే ఇటుక అవుతుంది. జంతికలు, చెక్కలు కొత్త నూనెలో వేయించి, పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేయాలి. వేడి మీద మూసేస్తే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి. పొడుగు చక్రాల కంటే చిన్న చిన్న ముక్కలుగా ఉండేవి తక్కువ విరుగుతాయి.

నన్నడిగితే తెలుగువాళ్ళ పెట్టెలో మొదటి స్థానం పొడులది. ఓడ వంటశాలలో అన్నం తరచుగానే ఉంటుంది, కాకపోతే చప్పగా. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం 100 గ్రాముల చిన్న ప్యాకెట్లలో రెండు మూడు పంపితే నెల గడుస్తుంది. నూనె చుక్క తగలకుండా పొడి మూకుట్లో వేయించి, చల్లార్చి, పొడి చేయాలి. నువ్వులపొడి, పల్లీపొడి త్వరగా కనరెక్కుతాయి, వాటికంటే పప్పుపొడులు మేలు. వెల్లుల్లి తగ్గించండి. మూడంతస్తుల మంచాల గదిలో వెల్లుల్లికారం ప్యాకెట్ విప్పిన కుర్రాడి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి.

ఆవకాయ పంపాలా వద్దా అన్నది ఏటా తేలని పంచాయితీ. నా మాట: ఇంటి ఆవకాయ సీసాలో వద్దు. గాజు పగులుతుంది, ప్లాస్టిక్ సీసా మూత విమానంలో ఒత్తిడి మారగానే నూనె వదులుతుంది. తప్పదనుకుంటే కంపెనీ సీలు వేసిన చిన్న ప్యాకెట్లు రెండు, రెండు జిప్‌లాక్ సంచుల్లో. మాంసం పచ్చళ్ళు పూర్తిగా మానేయండి. కొన్ని జిప్ కోడ్‌లకి ఏ రూపంలో ఉన్న మాంసమూ నిషేధం. పశ్చిమాసియా వైపు పంది మాంసంతో చేసినవేవీ పోవు. ఏ జిప్‌కి ఏ ఆంక్షలున్నాయో పోస్టల్ సర్వీసు తన పోస్టల్ బులెటిన్‌లో అక్షరాల గుర్తులతో వేస్తుంది. మీ ఓడ జిప్ పక్కన ఏ అక్షరాలున్నాయో పెట్టె కట్టే ముందు చూడండి.

ఇందాక విప్పి చూడమన్నది గసగసాల కోసం. 2023 ఫిబ్రవరిలో పెంటగాన్ (అమెరికా రక్షణశాఖ) అన్ని దళాలకీ ఒక మెమో పంపింది. కొన్ని రకాల గసగసాల్లో కోడీన్ అనే మత్తు పదార్థం ఉండి మూత్రపరీక్షలో మత్తుమందు వాడినట్టు తేలే అవకాశం ఉందని, వాటితో చేసినవి తినవద్దని దాని సారాంశం. మన ఇళ్ళలో గసగసాలు ఎక్కడెక్కడ ఉంటాయో లెక్కపెట్టండి: అరిసెల పైన అద్దేవి, కూర మసాలా ముద్దలో, కొన్ని రెడీమేడ్ మసాలా పొడుల్లో. అమ్మమ్మ ప్రేమగా చేసి పంపిన మసాలా పొడి మనవడి ఉద్యోగానికే ఎసరు పెట్టొచ్చు. అనుమానం ఉన్న ఏ పొడీ పంపొద్దు. అదే కారణంతో హెంప్ అనే గంజాయి జాతి మొక్క గింజలు, ఆ జాతి నుంచి తీసే సీబీడీ కలిసినవేవీ వద్దు. 2020 నుంచి నేవీ షాంపూలు, లోషన్లలో కూడా వాటిని నిషేధించింది. బలానికని పంపే లేహ్యాలు, చూర్ణాలు, బాడీబిల్డింగ్ పొడులు కూడా ఈ జాబితాలోనే వేసుకోండి. రక్షణశాఖకి నిషేధిత పదార్థాల పట్టిక ఉంది, మన లేహ్యం డబ్బా మీద అందులో ఏముందో సగం రాసి ఉండదు.

చాక్లెట్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ గట్టి పూత ఉన్నవే. నీళ్ళలో కలుపుకునే నిమ్మ, నారింజ పొడి సాచెట్లు బాగా పనికొస్తాయి, ఓడలో తయారయ్యే నీటి రుచి అందరికీ నచ్చదు. ఫిల్టర్ కాఫీ పొడి వద్దు, డికాక్షన్ తీసే సౌకర్యం ఉండదు. ఇన్‌స్టంట్ కాఫీ, అల్లం టీ సాచెట్లు సరే. సబ్బు, షాంపూ, బట్టల వాసన బిళ్ళ ఏదున్నా తిండితో ఒకే పెట్టెలో పెట్టకండి. ఎన్ని సంచులు చుట్టినా నెల రోజుల్లో జంతికలకి సబ్బు వాసన పడుతుంది. మీ వాడొక్కడే తింటాడనుకోకండి, పెట్టె విప్పగానే చుట్టూ పదిమంది చేరతారు. అందుకే పల్లీలు, జీడిపప్పు ఉన్నవాటి మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాయాలి. పల్లీలు పడనివాళ్ళు ఆ పదిమందిలో ఒకరుండొచ్చు, చాలా ఓడల్లో ఆస్పత్రి అంటే ఒక చిన్న గది.

పండగ సామాను సంగతి. కర్పూరం నిప్పంటుకునే పదార్థం, పోస్టులో పోదు. అగ్గిపెట్టెలు, కాకరపువ్వొత్తులు సరేసరి. అగరొత్తులు పోస్టులో చేరినా ఓడలో వెలిగించే ప్రశ్నే లేదు. అక్కడ పొగ వాసన వస్తే పరిగెత్తుకొచ్చేది మంటలార్పే దళం. బ్యాటరీ లోపలే బిగించి ఉన్న ఎల్ఈడీ దీపాలు నాలుగు పంపండి, దీపావళి అవుతుంది. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు వద్దు. ప్లగ్గులో పెట్టే రంగు లైట్ల తోరణాలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా దండగ. ఓడలో ఏ కరెంటు వస్తువైనా తనిఖీ చేసి చీటీ అతికించాకే వాడనిస్తారు. సెంట్లు, స్ప్రే డబ్బాలు, నెయిల్ పాలిష్, మద్యం ఏవీ పోవు. చిన్న దేవుడి పటం, కుంకుమ పొట్లం సొంతానికి పంపడంలో ఇబ్బంది లేదు. పశ్చిమాసియా జిప్‌లకి మతసామగ్రి మీద ఆంక్ష ఉన్నది పెద్ద మొత్తాల్లో పంపేవాటికే.

జలాంతర్గామిలో ఉన్నవాళ్ళ కథ వేరు. బాలిస్టిక్ క్షిపణి జలాంతర్గామి గస్తీలో ఉన్నంతకాలం మెయిల్ చేరే దారే లేదు. అందుకే బయల్దేరకముందే కుటుంబాల నుంచి చిన్న పెట్టెలు తీసుకుని లోపల దాచి, గస్తీ సగం పూర్తయిన రాత్రి పంచుతారు. కొలత చెప్పులపెట్టె అంతో అంతకంటే తక్కువో. యూనిట్ చెప్పిన కొలతకి ఒక్క అంగుళం మించినా తీసుకోరు. అందులో తిండి కంటే ఉత్తరాలు, ఫొటోలు ఎక్కువ పెట్టండి.

తెలుగు సంఘాలు, గుళ్ళు నవంబరులో "సైనికులకి పార్సిళ్ళు" అని సామాను సేకరిస్తుంటాయి. ఉద్దేశం మంచిదే, పద్ధతి మీదే నా అభ్యంతరం. హాలోవీన్‌లో మిగిలిన చాక్లెట్లు, హోటళ్ళ సబ్బు బిళ్ళలు, గడువు దగ్గరపడ్డ బిస్కెట్లు గుట్టగా పోగవుతాయి. పేర్లు, చిరునామాలు ఉండవు. పోస్టేజీకి డబ్బు ఉండదు. అదే అసలు ఖర్చు. ఇప్పుడు చాలా ఓడల్లో అప్పుడప్పుడైనా ఇంటర్నెట్ దొరుకుతుంది, టూత్‌పేస్టు కావాలంటే ఓడ దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో వాళ్ళే కొనుక్కోగలరు. కాబట్టి ముందు ఒక దారి పట్టుకోండి. సంఘంలో ఎవరి పిల్లలైనా ఓడలో ఉంటే వాళ్ళ ద్వారా ఆ ఓడ ఆంబుడ్స్‌మన్‌ని కలవండి. కుటుంబాలకీ ఓడకీ మధ్య వారధిగా ఉండే ఈ పదవిని 1970లో అప్పటి నేవీ అధిపతి అడ్మిరల్ ఎల్మో జుమ్వాల్ట్ మొదలుపెట్టారు. అలా ఎవరూ లేకపోతే 2003 నుంచి ఇదే పని చేస్తున్న ఆపరేషన్ గ్రాటిట్యూడ్ లాంటి సంస్థ అడిగిన జాబితా ప్రకారం ఇవ్వండి. పదివేల వస్తువులు పోగేయడం కంటే ఆ సంస్థకి పోస్టేజీ డబ్బు కట్టడం ఎక్కువ ఉపయోగం. ఫొటో దిగడానికి అంత బాగుండదు, అంతే. పిల్లల చేత ఉత్తరాలు రాయిస్తే ఇంటిపేరు, చిరునామా, బడి పేరు లేకుండా చూడండి. "యుద్ధంలో ఎంతమందిని చంపారు" లాంటి ప్రశ్నలు పిల్లలు నిజంగానే రాస్తారు, పెద్దవాళ్ళొకరు చదివాకే కవర్లో పెట్టాలి.

ఇంకో మాట, డిసెంబరు 25 చుట్టూ ఓడకి వచ్చేవన్నీ ఒకేసారి వస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో మెయిల్ గది బోసిపోతుంది. తెలుగువాళ్ళకి ఇందులో ఒక సౌలభ్యం ఉంది: సంక్రాంతి. క్రిస్మస్ పెట్టె అక్టోబరులో పంపాక, రెండోది నవంబరు నెలాఖరులో సంక్రాంతి పేరుతో పంపండి. క్రిస్మస్‌కి అందలేదన్న బెంగ ఉండదు, ఆలస్యమైనా ఫిబ్రవరిలో పల్లీపట్టీ వద్దనేవాళ్ళూ ఉండరు. పండగ పేరు పైన రాయకుండా లోపలి కవరు మీద రాస్తే ఎప్పుడు చేరినా పాతబడదు.

ఓడ ఇంటిముఖం పట్టే ముందు, ఇక మెయిల్ పంపవద్దని కుటుంబాలకి కబురొస్తుంది. సాధారణంగా తిరిగొచ్చే తేదీకి 30 నుంచి 45 రోజుల ముందు. ఆ కబురు వచ్చాక పంపినవి ఓడ వెనకాల సముద్రాలు తిరిగి, చివరికి నావికుడు ఇంటికొచ్చిన నెలకో రెండు నెలలకో రేవులో అందుతాయి, లేదా పంపినవారికే తిరిగొస్తాయి. గడువు పొడిగిస్తారేమోనన్న అనుమానం ఉన్న రోజుల్లో పంపే పెట్టెలో తిండి పెట్టకండి. మేజోళ్ళు, పుస్తకం, ఫొటోలు పెట్టండి. పంపినవారి చిరునామా దగ్గర వచ్చే ఆరు నెలలూ మీరు ఉండే ఇల్లే రాయండి. అద్దె ఇల్లు మారబోతుంటే చుట్టాల చిరునామా ఇవ్వండి.